వంతు మండ

ఆ రోజు నేను చేసిన తప్పు చూడటానికి చిన్నదే. కాలువ గట్టున గుచ్చి ఉన్న వావిలి మండను పీకి నీళ్లలో పారేశాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి వసంతం అది. పట్నంలో గుమాస్తాగిరి చేసేవాణ్ణి. సెలవునాడు రైలెక్కి లింగంపల్లిలో దిగి, నల్లగండ్ల మీదుగా కొత్తగూడ వైపు నడిచాను. వేపపూత వాసన వేస్తోంది. రాళ్లగుట్టల కింద మోదుగులు విరగబూశాయి. అన్నీ బాగానే ఉన్నాయి, మధ్యలో ఈ మనుషులెందుకా అనిపించింది. పిడకలు కొట్టిన గోడలు చూసి ముక్కు మూసుకున్నాను. "యాడికి పోతున్నవ్ అయ్యా?" అని అరుగు మీది ముసలాయన పలకరిస్తే, నీకెందుకన్నట్టు చూసి సాగిపోయాను. నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాడి కంటికి ఊరంతా మూఢత్వమే. చదివినవి నాలుగే కావడం వల్ల అలా కనిపిస్తుందని అప్పటికి తెలియదు.

చెరువు కాలువ నుంచి ఒక వరిమడిలోకి నీళ్లు పారుతున్నాయి. గట్టు తెంచి నీళ్లు మళ్లించిన ఆ మడవ పక్కనే పచ్చి మండ నిలబెట్టి ఉంది. దిష్టికో దయ్యానికో పెట్టి ఉంటారు, వీళ్లు బాగుపడరు అని నవ్వుకుని పీకేశాను. కాస్త దూరంలో చెట్టు నీడన కూర్చుని రొట్టెల మూట విప్పాను.

కాసేపటికి ఊరి నీరటికాడు పార భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది అతనే. మండ లేకపోవడం చూసి, మడవకు మట్టి వేసి కట్టి, నీళ్లను కింది పొలానికి మళ్ళించాడు. అంతలో గడ్డిమోపుతో ఒక నడివయసు ఆమె పరుగున వచ్చింది.

"ఓ అన్నా, నా మడి సగం సుత తడవలే! ఎందుకు కట్టినవ్?"

"మండ తీసినవంటే నీ వంతు అయినట్టే గదా. తీసి మల్ల నన్నంటవేంది?"

"నేను తియ్యలే!"

"నువ్వు తియ్యకుంటే కొంగ తీసిందా?"

"వరి పొట్ట మీదున్నదే. మల్ల వంతు ఎనిమిదొద్దులకు గాని రాదు. గప్పటికి నాకు తాలే మిగుల్తది."

మడి తడిసేదాకా మండ ఉండాలి. తడిశాక పొలంవాళ్లే తీయాలి. కాగితమూ కలమూ అక్కర్లేని ఆ ఏర్పాటు నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా, ఆమె అబద్ధమాడుతోందని అతను అంటుంటే రొట్టె నములుతూ కూర్చున్నాను. నేను అసహ్యించుకున్న మనుషులు చాలామందే ఉన్నారు. వాళ్లందరిలో ఆ రొట్టె నమిలినవాడే మొదటివాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకున్నాక గానీ లేవలేకపోయాను. "నేనే పీకాను," అన్నాను.

నీరటికాడు నన్ను బూట్ల నుంచి టోపీ దాకా చూశాడు. "గింత సదువుకున్నవ్, జర నోరు తెరిచి అడగరాదా సారూ?"

"నీళ్లు మళ్ళీ ఇటు తిప్పవచ్చు కదా?"

"కిందోళ్ల వంతు వచ్చె. నీ తప్పుకు వాళ్ల నోట్ల మన్ను కొట్టాల్నా?" అని, గట్టు కింది గుంటలో నిలిచిన నీళ్లు చూపించాడు. "గూడ ఏస్తవా మరి?"

ఎగతాళికే అన్నాడు. గూడ అంటే రెండు వైపులా తాళ్లు కట్టిన బుట్ట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, గుంటలో ముంచి, పైనున్న మడిలోకి నీళ్లు విసరాలి. బూట్లు విప్పి, గుంట పక్కనే పడి ఉన్న గూడకు ఒక వైపు తాళ్లు పట్టుకున్నాను. రెండో వైపు ఆమె నిలబడింది. మొదటి పది గూడలూ నా మీదే పడ్డాయి.

"నీళ్లు వరికి పొయ్యాలె బిడ్డా, నీకు గాదు," అంది.

పొద్దు వాలేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండిన భాగంలో మూడోవంతే తడిసింది. మర్నాడు కచేరీకి సెలవు చీటీ పంపి, చేతులకు గుడ్డలు చుట్టుకుని, మళ్ళీ లింగంపల్లిలో దిగాను.