ఏక్ మే దో

నిన్న సిద్దిపేట బస్టాండు దగ్గరి హోటల్లో ఇద్దరు కాలేజీ పిల్లలు “అన్నా, వన్ బై టూ” అని కేకేశారు. ఇంటికి వచ్చి డైరీ ముందు కూర్చున్నాను గాని మనసు కుదురుగా నిలవలేదు. మా రోజుల్లో దాన్ని “ఏక్ మే దో” అనేవాళ్లు, ఒక్క చాయ్ ఇద్దరికి అని. నిజాం ఏలుబడిలో, పందొమ్మిది వందల నలభైల్లో మా ఊరి హోటళ్ల మాటలన్నీ ఉర్దూవే. చెంచా నిలబడేంత చక్కెర పడితే ఖడీ చంచా. పాలు లేనిది సులేమానీ. అది అరబ్బుల నుంచి వచ్చిందని హోటల్ సేటు, కాదు, జ్వరమొచ్చినోళ్ల కోసం పుట్టిందని మా బాపు. పౌనా అంటే ముప్పావు. దేంట్లో ముప్పావు అన్నది మాత్రం ఎన్నడూ తేలలేదు.

మా బాపు, చిన్నాయిన ఒకే ఇంట్లో మగ్గాలు నేసేవారు. రోజూ పొద్దున హోటల్లో ఏక్ మే దో చెప్పేవారు. అన్నకు సాసరు, తమ్ముడికి కప్పు. మా నేతవాళ్ల వాడలో అది పిసినారితనం కాదు, పొత్తుకు గుర్తు. వేరుపడ్డ అన్నదమ్ములు ఎవరి చాయ్ వాళ్లు చెప్పుకునేవారు. ఆ కేకతోనే వాడంతటికీ సంగతి తెలిసిపోయేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు కరువై మగ్గాలు ఆగిపోయాయి. తన వాటా ఇస్తే బొంబాయి దగ్గరి మరమగ్గాల ఊరు భివండి పోయి బతుకుతానన్నాడు చిన్నాయిన. బాపు ఔననలేదు, కాదనలేదు. ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు. ఇరవై ఏళ్లవాణ్ని, నేసే పని లేక నేను ఊరికే మగ్గం గుంటలో దిగి ఎక్కుతుండేవాణ్ని. అమ్మ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసేది.

ఒక పొద్దున బాపు “నడువుండ్రి” అన్నాడు. ముగ్గురం వెళ్లాం. మమ్మల్ని చూడగానే సేటు అలవాటుగా లోపలికి “ఏక్ మే దో” అని కేకేశాడు.

“కాదు సేటు. మా ఇద్దరికి రెండు. ఫుల్,” అన్నాడు బాపు.

పక్క బల్ల మీది వాడొకడు, “ఏందే, ఇయ్యాల అన్నదమ్ములకు చాయ్ దూప ఎక్కువైందా?” అన్నాడు.

చిన్నాయిన తల వంచుకున్నాడు. “గిట్ల అందరి ముంగట చెప్తివా అన్నా? ఇంట్ల ఒక్క మాటంటే అయిపోవు గదా.”

“ఇంట్ల నోరు రాలేదురా. తాగు, సల్లారుతది.”

ఇద్దరూ సగం తాగారు. మిగతా సగం కప్పుల్లోనే వదిలి లేచారు.

చిన్నాయిన భివండిలోనే స్థిరపడ్డాడు. అక్కడ కూడా సగం తాగి కప్పు పక్కన పెడతాడని వచ్చిపోయేవాళ్లు చెప్పేవారు. ఇక్కడ బాపూ అంతే. వేరుపడడానికి వాళ్లకు ఒక్క పొద్దు చాలింది. ఎవరి చాయ్ వాళ్లు తాగడం అలవాటు కావడానికి మిగిలిన ఆయుష్షంతా చాలలేదు.