మొక్కు లేని మొక్కజొన్న

మా అత్తగారికి నా మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, నాకు భక్తి లేదని. ఇన్నేళ్ళు విశాఖలో ఉండి సింహాచలం కొండెక్కడానికి ఒక్క ఆదివారం దొరకని కోడలు తనకే దొరికిందట. నిజమే. నా ఆదివారాలన్నీ మొక్కజొన్నకే పోయేవి.

మొక్కజొన్నలో మాంసకృత్తులు ఉంటాయి గానీ సగం ఒంటికి పట్టవు. పట్టే రకం ఒకటుంది. దాని గింజ సుద్దముక్కలా మెత్తన, నిలవ ఉంచితే పురుగుకే విందు. ఆ మంచి గుణాన్ని గట్టి గింజలోకి ఎక్కించడం నా ఉద్యోగం. చెప్పడానికి ఒక్క ముక్క, చెయ్యడానికి ఎనిమిదేళ్ళు. ఎనిమిదో ఏట పరిశోధనా క్షేత్రంలో నేను నాటిన వరస మొత్తం అడవిపందులు మేసిపోయాయి. పోషక విలువల సంగతి వాటికి బాగానే తెలిసినట్టుంది.

మిగిలిన నాలుగు గింజలూ తెచ్చి, స్టీలు ప్లాంటులో మా ఆయనకిచ్చిన క్వార్టర్ పెరట్లో నాటాను. మూడు మొక్కల్ని కత్తెర పురుగు తినేసింది. నాలుగోదానికి ఒకే ఒక్క కండె వచ్చింది. అది పోతే ఎనిమిదేళ్ళూ పోయినట్టే.

మొక్కజొన్న పుప్పొడి గాలికి తిరుగుతుంది. పక్క వీధి మొక్క పుప్పొడి వచ్చి పడితే నా రకం చెడిపోతుంది. అందుకే పీచు రాకముందే కండెకి కాగితం సంచి తొడిగి, తర్వాత అదే మొక్క పుప్పొడి చేత్తో దులిపి, మళ్ళీ మూసెయ్యాలి. సరిగ్గా ఆ రోజే సంచులు అయిపోయాయి. అత్తగారు పరుపు కింద దాచుకున్న సింహాచలం ప్రసాదం కాగితం కవర్లు గుర్తొచ్చాయి. నామాల బొమ్మ ఉందని ఆవిడ వాటిని పారెయ్యరు. చప్పుడు కాకుండా ఒకటి లాగాను. దాని మీద మా పద్ధతి ప్రకారం సున్నా చుట్టి, లోపల ఇంటూ గీశాను. తన పుప్పొడితోనే గింజ కట్టిన కండె అని ఆ గుర్తుకి అర్థం.

మర్నాడు అత్తగారు చూశారు. నామాలు చూశారు, పక్కన నా గుర్తు చూసి సుదర్శన చక్రం అనుకున్నారు. ఇంకేముంది, కోడలు సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది! మొక్కు సంగతి మొక్కినవాళ్ళని అడక్కూడదు కాబట్టి, నన్ను తప్ప వీధిలో అందరినీ అడిగారు.

ఫిషింగ్ హార్బర్ నుంచి ఆటోలో చేపల గంపతో వచ్చే ఒకావిడని మేమంతా, అక్కా అన్నట్టు, అప్పా అని పిలుస్తాం. ఆవిడ పెరటి గోడ మీంచి నా కండెకి దణ్ణం పెడుతూ కనిపించింది.

"ఏమిటప్పా?"

"ఏటీ నేదమ్మా. నీ కోరిక తీరిపోద్దిలే," అంది.

నా కోరిక ఈవిడకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను. అంతకుమించి ఆలోచించకపోవడం నా తెలివితక్కువతనం.

కండె ఎండే వేళకి మీటింగు ఉందని మూడు రోజులు ఊరెళ్ళాను. తిరిగొచ్చేసరికి మొక్క బోడిగా నిలబడి ఉంది.

"మొక్కు ఆలస్యం చెయ్యకూడదమ్మాయ్," అన్నారు అత్తగారు వెలిగిపోతున్న మొహంతో. "కొండకి పట్టుకెళ్ళి స్వామి ముందు పెట్టించాను. గింజలు ఒలిచి వీధంతా పంచేశాను, చేపల అప్పకి కూడా."

అది విత్తనమని చెప్పి ఆవిడ సంతోషం పాడుచెయ్యలేకపోయాను. తర్వాత గిన్నె ఒకటి, టార్చిలైటు ఒకటి పట్టుకుని బయల్దేరాను. పంచిన ప్రసాదం వెనక్కి అడిగే మనిషిని మా వీధి చూడటం అదే మొదలు.

చిత్రమేమిటంటే వీధిలో ఎవరూ తినలేదు. కలిసొస్తుందని బియ్యం డబ్బాలో వేసుకున్నారు కొందరు, దేవుడి గూట్లో పెట్టుకున్నారు కొందరు. మోచేతుల దాకా బియ్యంలో దేవాను. ఒకావిడ నా అవస్థకి జాలిపడి, కొట్లో కొన్న పాప్‌కార్న్ గింజలు కూడా కలిపి ఇచ్చింది. గాజుపలక మీద పోసి కింద టార్చి వేస్తే, సుద్దలాంటి భాగం వెలుగుని ఆపుతుంది కాబట్టి నా గింజలు ఒక్కొక్కటీ సగం నల్లగా, సగం గాజులా కనిపించి బయటపడ్డాయి. కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టాను. ఈసారి నిజంగానే పెట్టాను.

ఇక మిగిలింది అప్ప వాటా. పొద్దున్నే గంప దించకముందే అడిగాను.

"గుగ్గిళ్ళు సేసి మా కోడలికి ఎట్టీసినానమ్మా. ఏడో నెల కడుపుతో ఉన్నాది. ఒంటికి పట్టే జొన్నని మీ అత్తగోరు సెప్పినారు."

"అది విత్తనమప్పా!" అని అరిచాను. "తినడానికి కాదు!"

అప్ప బిత్తరపోయి చూసింది. "మరి దేనికమ్మా పండించినావు?"

నాకు సిగ్గేసింది. ఎనిమిదేళ్ళు ఎవరికోసం తంటాలు పడ్డానో ఆ మనిషి తింటే, ఆవిడ అత్తగారి మీద అరుస్తున్నాను. గొంతు తగ్గించి, రుచి ఎలా ఉందందని అడిగాను.

"బాగుందన్నాది. ఇంకా ఎట్టమన్నాది. ఏటి ఎడతాను?" అంటూ అప్ప గంప మీద గుడ్డ తీసింది. "ఈపాలి పొత్తులు కాస్తే దేవుడి పేరెట్టకమ్మా. పెసాదమంటే గుప్పెడే ఎడతారు."