కిటికీలకు మిగిలిన రంగు

ఇళ్లకు రంగులు వేయడం నా పని. నేను రంగేసిన తలుపు వెనక చూసినా, కిటికీ అడుగున వేలు పెట్టి తడిమినా ఖాళీ చోటు దొరకదు. మెట్‌పల్లిలో నాకా పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

ప్రతి క్రిస్మస్ ముందు మా చర్చి కిటికీలకు నేనే రంగు వేస్తాను. డబ్బా అడుగున మిగిలింది పారబోయడానికి మనసొప్పక చర్చి గిటార్‌కు ఒక పూత వేసేవాణ్ణి. అది కరెంటు గిటార్, ఎవరో వాడి ఇచ్చింది. మెడ విప్పి పక్కన పెట్టి, ఒంటికి రంగేసి, పట్టీ తగిలించే కింది బొడిపెకు దారం కట్టి గోడ మేకుకు తలకిందులుగా వేలాడదీసేవాణ్ణి. కిటికీలదీ గిటార్‌దీ ఒకే రంగై మెరుస్తుంటే చూసి పొంగిపోయేవాణ్ణి.

ఈ ఏడాది ఆ పూతలు పెచ్చులూడటం మొదలైంది. పాతది గీకకుండా కొత్తది వేస్తే నిలవదు. ఇంటికి తెచ్చి, పాత తలుపుల రంగు తీసే హీట్ గన్ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను.

"ఏందయ్యా, గిటార్‌ను వంకాయ లెక్క కాలుస్తున్నవ్? ఉప్పు, కారం తెమ్మంటవా?" అంది నా భార్య.

సెలవులకు కరీంనగర్ కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఆ వాసనకు బయటికొచ్చింది. ఒకప్పుడు ఆ గిటార్ వాయించింది ఆమే. రెండేళ్లుగా దాని దగ్గరకు పోలేదు. కారణం నేను. ఒక క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్య శ్రుతి తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తప్పింది. ముందు వరుసలో ఉన్న నేను అందరికీ వినబడేలా, "ప్రాక్టీస్ చెయ్యమంటే ఫోన్ పట్టుకొని కూసుంటది" అన్నాను. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె గిటార్‌ను గోడకు ఆనించి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక వేళ్లు చూపించబోయింది. నేను చూడలేదు.

"బాపు, ముందుగాల వైర్లు ఊడదియ్యి. కాలిపోతయ్," అంది గడప మీది నుంచే. నాకు చేతకాలేదు. ఆమే కూర్చుని తీగలు, వైర్లున్న ప్లాస్టిక్ రేకు, మెడ స్క్రూలు వరసగా విప్పింది.

వేడి తగిలేకొద్దీ రంగు పొక్కి లేచేది. లప్పం పూసే ఇనుప పట్టీతో తోస్తే చుట్టలు చుట్టుకుని వచ్చేది. గోధుమ రంగు, ఆకుపచ్చ, మీగడ రంగు, నీలం. పూత పూతకూ ఒక క్రిస్మస్ గుర్తొచ్చేది.

"గీ పచ్చది చూడు, ఎంత గట్టిగ పట్టిందో. నా చేతి రంగు అల్కగ రాదు," అన్నాను.

ఆమె వినడం లేదు. మెడ కూర్చునే గుంటలో వేలు పెట్టి చూస్తోంది.

"బాపు, గీ గుంటల గూడ ఏసినవా?"

"ఏసిన. ఖాళీ ఇడిసిపెడ్తనా నేను?"

"ఏటేటా?"

"ఏటేటా."

ఆమె నా వేలు పట్టుకుని గుంట అంచున పెట్టింది. తలకిందులుగా వేలాడదీసిన ప్రతిసారీ రంగు జారి అక్కడే ఆగి, గట్టులా గడ్డకట్టింది. దాని మీద కూర్చున్న మెడ ముందుకు లేస్తుంది, తీగలకూ మెడకూ ఎడం పెరుగుతుంది. అంత ఎత్తు నుంచి నొక్కితే వేళ్లు కోసుకుపోతాయి, శ్రుతి నిలవదు.

"తీగలు దించెతందుకు కింది స్క్రూలు తిప్పి తిప్పి సచ్చిన. నాకే వస్తలేదనుకున్న," అంది.

హీట్ గన్ ఆపేశాను. "తప్పు నాది బిడ్డా."

"గిది ఇంట్ల అంటున్నవ్. గది అందరి ముంగట అన్నవ్."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

గుంటను ఆమే శుభ్రం చేసింది, నన్ను ముట్టనివ్వలేదు. కంపెనీ నల్ల పూత కూడా పోయాక లేత రంగు చెక్క బయటపడింది. చారల వెంట గరుకు కాగితంతో రుద్దాను. ఒకచోట వేడి ఎక్కువై మాడిన మచ్చను ఉంచేయమంది. "వంకాయ గుర్తు" అని నవ్వింది. రంగు వద్దంది, వార్నిష్ చాలంది, గుంటలో అదీ వద్దంది. తెలిసి తెలిసి ఒక చోటు ఖాళీగా వదలడం నాకదే మొదటిసారి.

వైర్లు కలిపి, మెడ, తీగలు బిగించి వాయించింది. వేళ్లు ఎక్కడా ఆగలేదు.

"చర్చిల వాయిస్తవా?"

"నువ్వు ముందు వరుసలనే కూసుంటవ్ గద," అని లోపలికి పోయింది.

ఆదివారం గిటార్‌ను చర్చిలో దాని చోట పెట్టి, సాక్ష్యాలు చెప్పే వేళ లేచి అందరివైపు తిరిగాను. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకునే సమయమది. గిటార్ గురించి చెప్తాననగానే వెనక వరుసల నుంచి ఒక పెద్దమ్మ, "గిటార్‌కు గూడ సాక్ష్యమా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

"గా క్రిస్మస్ నాడు నా బిడ్డ తప్పు వాయించలే. గిటార్‌ల నా రంగు అడ్డమున్నది. మీ అందరి ముంగట బిడ్డను మాటలన్న. మీ అందరి ముంగటనే మాఫ్ చెయ్యమంటున్న."

అక్కడితో కూర్చోవాల్సింది. కూర్చోలేదు. ఏటేటా మెడ విప్పిన నాకు కనబడని తప్పును నా బిడ్డ ఒక్క వేలితో పట్టుకుందని, వైర్లు ఎట్లా విప్పిందో, ఎట్లా కలిపిందో చెప్పుకుంటూ పోయాను. గర్వం పాపమని ఆ గోడల మధ్యే ఎన్నోసార్లు విన్నాను. అయినా ఆపుకోలేకపోయాను.

నా వెనక, వేదిక మీది స్పీకర్లో ఒక తీగ మోగింది. తిరిగి చూస్తే మా అమ్మాయి గిటార్ తగిలించుకుని మైకు ముందు నిలబడి ఉంది.

"బాపు, కూసో ఇగ. పాట ఎత్తుకోవాలె."