సత్తిరాజు గారికి చెప్పని ఫలితం

మొన్న మధ్యాహ్నం మెట్రో రైల్లో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాను. ఎండు కొబ్బరి చిప్పలు రెండు గట్టిగా తగిలినట్టు టక్కుమని ఒక చప్పుడు, వెంటనే పొడుగ్గా ఒక ఈల. కళ్ళు తెరవకముందే అది ఏ ఆటో నాకు తెలిసిపోయింది. పక్క సీటు కుర్రాడు ఫోన్లో అమెరికా ఫుట్‌బాల్ చూస్తున్నాడు. శిరస్త్రాణాలు పెట్టుకున్న మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అరవై దాటిన ఆడమనిషి తన ఫోన్లోకి తొంగిచూడడం అతనికి వింతగా ఉన్నట్టుంది. "ఈ గేమ్ మీకు తెలుసా ఆంటీ? నిన్నటిది. స్కోరు చెప్పనా?" అన్నాడు. "వద్దు నాయనా, వద్దు" అని చెవులు మూసుకున్నంత పని చేశాను. అతను నవ్వుకున్నాడు. నా ముక్కుకి మాత్రం అల్లం పెసరట్టు వాసన తగిలింది. హైదరాబాదు మెట్రోలో పెసరట్టు ఎక్కడిది? అది దోహాలోని సత్తిరాజు గారి ఇంటి నుంచి వచ్చింది.

తొంభైల మొదట్లో మా ఆయనతో పాటు నేనూ కతార్ వెళ్ళాను. మాది హనుమకొండ. మా అత్తగారు చివరిదాకా "మా కోడలు దుబాయ్‌ల ఇంజనీరు" అనే చెప్పుకుంది, ఎన్నిసార్లు సరిదిద్దినా లాభం లేకపోయింది. పైపులైన్లు వేసే ఒక కంపెనీలో, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తికావాలో లెక్క వేసే ప్లానింగ్ విభాగంలో చేరాను. ఆ విభాగానికి పెద్ద సత్తిరాజు గారు. భీమవరం మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. అమెరికా గడ్డ మీద అడుగు పెట్టలేదు. ఆ కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకునైనా ఎరగరు. అయినా ఆ ఆటంటే ఆయనకు ప్రాణం.

దీనికి కారణం ఆయనతో కలిసి పనిచేసిన ఒక అమెరికా ఇంజనీరు. అతను ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ తన వీడియో ప్లేయర్‌ని సత్తిరాజు గారికి ఇచ్చేశాడు. అక్కడి టేపులు మన మామూలు ప్లేయర్లలో ఆడవు మరి. వెళ్ళాక ప్రతి ఆదివారం తన జట్టు ఆటని రికార్డు చేసి పోస్టులో పంపేవాడు. ఆ జట్టుకి పెద్ద పేరే ఉంది గానీ, సత్తిరాజు గారింట్లో వాళ్ళని "నీలం వాళ్ళు" అనేవారు. నేనూ అలాగే అంటాను. టేపు దోహా చేరేసరికి పది రోజులు పట్టేది. అంటే లోకమంతా చూసి మర్చిపోయిన ఆటని మేము అల్ దోహా అల్ జదీదాలోని ఆ రెండు గదుల ఇంట్లో, శుక్రవారం పొద్దున, ఇప్పుడే జరుగుతున్నట్టు చూసేవాళ్ళం. మేమంటే నేను, మా ఆయన, ముఐథర్ పేటలో ఒక కతారీ కుటుంబానికి కారు నడిపే ఓబులేసు, వంటింట్లోంచి వేడి వేడిగా పెసరట్లు అందిస్తూ ప్రతి ఆటలోనూ ఎదుటి జట్టునే బలపరిచే సత్తిరాజు గారి భార్య సుభద్ర గారు. "మీ నీలం వాళ్ళు తిండి తినరేంటండి? అలా పడిపోతున్నారూ!" అని ఆవిడ దెప్పితే ఆయన ముఖం మాడిపోయేది.

ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. టేపు చూసేదాకా ఫలితం తెలుసుకోకూడదు. ఇంగ్లీషు పేపరు చివరి పేజీలో అమెరికా స్కోర్లు చిన్న అక్షరాల్లో వచ్చేవి కాబట్టి, ఆఫీసులో టీ ఇచ్చే మలయాళీ ఆయన ఆ పేజీ తీసేసి మిగతా పేపరు సత్తిరాజు గారి టేబుల్ మీద పెట్టేవాడు. ఒకసారి అకౌంట్స్‌లోని ఈజిప్టు ఆయన నవ్వుతూ వచ్చి, "మిస్టర్ రాజూ, మీ వాళ్ళు ఈ వారం..." అని ఎత్తుకున్నాడు. సత్తిరాజు గారు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, "పదమూడు ఒకట్ల పదమూడు! పదమూడు రెళ్ళ ఇరవయ్యారు!" అని గట్టిగా ఎక్కం చదవడం మొదలుపెట్టారు. హాల్లో అందరూ పని ఆపి తిరిగి చూశారు. ఆ తర్వాత ఆఫీసులో పదకొండు దేశాల వాళ్ళలో ఒక్కరు కూడా ఆయన ముందు నోరు జారలేదు. ఒక మనిషికి ఒక విషయం తెలియకుండా ఉంచడానికి అంతమంది కట్టుబడడం నేను మరెక్కడా చూడలేదు.

నా తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కథ పుస్తకం కొంటే ముందు చివరి పేజీ చదివే రకాన్ని. పనిలోనూ అంతే. ఏ పని చూసినా చివరి తేదీకి అందుతుందా లేదా అన్న బెంగతో నిద్ర పట్టేది కాదు. ఒక రోడ్డు కింద నుంచి పైపు తీసుకెళ్ళే పని ఆగిపోయినప్పుడు, "సార్, ఇది అయితలేదు. తేదీ దాటిపోతది, ముందే చెప్పేద్దాం" అన్నాను. ఆయన తన టేబుల్ మీది టీ గ్లాసుని నా వైపు నాలుగు వేళ్ళ మేర జరిపారు. "చూడమ్మాయ్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోకపోతే బంతి అవతలోడిది. ఆట మొత్తం ఇంతేనండి. చివరి తేదీ ఎక్కడికీ పారిపోదు గానీ, ఈ వారం పది గజాలు ఏంటో అది చెప్పు నాకు." ఆ రోజు నుంచి మా విభాగంలో ప్రతి శనివారం మొదటి ప్రశ్న అదే. ఆ పైపు పని కొంచెం ఆలస్యమైంది, కాలేదని అనను. కానీ పెద్దవాళ్ళ సమావేశంలో అందరూ ఆశ వదిలేసిన రోజున ఈ పొట్టి మనిషి లేచి, "మేం ఇంకా ఆటలోనే ఉన్నాం సార్" అని ఇంగ్లీషులో నిదానంగా చెప్పినప్పుడు, పక్కన కూర్చున్నందుకు నాకు ఛాతీ పొంగింది. ఆయన మా తెలుగాయన అని అందరికీ చెప్పుకోవాలనిపించింది.

ఇక ఆ చివరి సీజను. అది ఆయనకి కతార్‌లో ఆఖరి చలికాలం. వయసు అయిపోయింది, వీసా ముగుస్తోంది, జనవరిలో ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం. ఆ ఏడాది నీలం వాళ్ళు మొదటి నాలుగు ఆటలూ వరసగా ఓడిపోయారు. సుభద్ర గారు కూడా దెప్పడం మానేశారంటే చూసుకోండి. తర్వాత ఏమైందో ఏమో, ఒకటి గెలిచారు, ఇంకొకటి గెలిచారు. మొత్తం జట్లలో పన్నెండే అసలు పోటీకి, అంటే ప్లే ఆఫ్స్‌కి వెళతాయి. సత్తిరాజు గారు ప్రతి శుక్రవారం భోజనాల బల్ల మీద గ్లాసులు పేర్చి, ఎవరు ఓడితే మనకి దారి దొరుకుతుందో చూపించేవారు. "వీళ్ళు ఓడాలి, ఈ ఎర్రవాళ్ళు వాళ్ళని గెలవాలి, ఆయ్, అప్పుడు మనం బతుకుతాం!" ఓబులేసు తల గోక్కుని, "సారూ, మన ఎలచ్చన్ల లెక్క దీనికన్నా సులువుగా ఉంటాది గదా" అనేవాడు. చివరికి ఎవరి లెక్కా అక్కర్లేని చోటికి వచ్చింది. ఆఖరి ఆట గెలిస్తే ప్లే ఆఫ్స్. ఓడితే ఇంటికి.

ఆ టేపే రాలేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి టేపునీ అధికారులు ఒకసారి చూసి పంపడం అక్కడి పద్ధతి. ఎప్పుడూ రెండు రోజుల్లో వచ్చేసేది, ఈసారి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆయన విమానం శనివారం. గురువారం పొద్దున సైటు నుంచి తిరిగొస్తూ కారు ఆ ఆఫీసు వైపు తిప్పించారు. నేనూ వెంట ఉన్నాను. లోపల పాదాల దాకా తెల్లటి తోబు వేసుకున్న పెద్దాయన ఒకరు మా రసీదు చూసి, "ఇంకా పూర్తిగా చూడలేదు. రేపు సెలవు. శనివారం చూస్తాం, ఆదివారం రండి" అన్నారు హిందీలో. సత్తిరాజు గారు రసీదుని మళ్ళీ ఆయన ముందుకు జరిపారు. "ఆదివారానికి నేనుండను సాబ్. ఎల్లుండి ఫైనల్ ఎగ్జిట్. పాతికేళ్ళ తర్వాత వెళ్ళిపోతున్నాను. దయచేసి ఇప్పుడే చూసెయ్యండి. కానీ ఎవరు గెలిచారో నాకు చెప్పకండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి చూశారు. టేపులో ఏముందో చెప్పమని బతిమాలేవాళ్ళనే ఆయన చూసి ఉంటారు. టేపు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళారు. మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి లోపల నుంచి ఈలలు, జనం కేకలు. సత్తిరాజు గారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఎక్కం అందుకున్నారు. ఎదురుగా వరసలో నిలబడ్డ జనం ఈ మనిషికి ఏమైందని చూస్తున్నారు. నాకు నవ్వు, ఆ వెనకే ఏడుపు. ఇంతలో గదిలోంచి ఆ పెద్దాయన గొంతే "యల్లా! యల్లా!" అని, పద పదమని, గట్టిగా వినిపించింది. సత్తిరాజు గారు ఎక్కం ఇంకా పెద్దగా చదివారు. మధ్యాహ్నం నమాజు వేళకి తలుపు తెరుచుకుంది. పెద్దాయన ముఖం రాయిలా పెట్టుకుని వచ్చి టేపు చేతిలో పెట్టారు. "మాఫీ కలామ్," అన్నారు, మాటల్లేవు అని. కలిపిన చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఆ ఇంట్లో సామానంతా పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. టీవీ, ప్లేయరు, పెసరట్ల పెనం మాత్రం మిగిలాయి. ఆట ఆఖరి నిమిషాలకి నీలం వాళ్ళు వెనకబడి ఉన్నారు. మూడు ప్రయత్నాలు అయిపోయాయి. నాలుగోది. బంతి పట్టుకున్నవాడు గుంపులోకి దూరాడు, వాడి మీద కొండలాంటి మనుషులు పడ్డారు. బంతి పది గజాలు దాటిందో లేదో ఎవరికీ తెలియదు. మైదానంలోకి గొలుసు తెచ్చి కొలవడం మొదలుపెట్టారు. "పొలం గట్టు తగాదా మాదిరి కొలుస్తాండారే!" అన్నాడు ఓబులేసు. గొలుసు బిగించి పట్టారు. బంతి మూతి గొలుసుకి అవతల, బియ్యపుగింజంత మేర కనిపించింది. సుభద్ర గారు అట్లకాడ పట్టుకుని, "దాటింది! మనవాళ్ళు దాటారండి!" అని అరిచారు. అన్నేళ్ళలో ఆవిడ మనవాళ్ళు అన్నది అప్పుడే. ఆ ఊపులోనే నీలం వాళ్ళు గీత దాటి గెలిచారు. సత్తిరాజు గారు గంతులు వెయ్యలేదు. కండువాతో కళ్ళు తుడుచుకుని, మాడిపోయిన అట్టునే తినేశారు.

మేము బయల్దేరుతుంటే ప్లేయర్‌ని తీగ చుట్టి నా చేతికిచ్చారు. "ఇంకో పది రోజుల్లో ప్లే ఆఫ్స్ టేపు వస్తుందమ్మాయ్. నీ అడ్రసు రాశాను అతనికి. నువ్వు చూడు. నాకు మాత్రం చెప్పకు."

"ఎప్పటికీనా సార్?"

"ఎప్పటికీ. టేబుల్ అప్పజెప్పేశాను, తాళాలు అప్పజెప్పేశాను, రేపు ఇల్లు అప్పజెప్తాను. అన్నీ అయిపోయాయి ఇక్కడ. ఇదొక్కటైనా అయిపోకుండా ఉండనియ్యి."

టేపు వచ్చింది. మా ఇంట్లో నేను, మా ఆయన, ఓబులేసు చూశాం. అందులో ఏం జరిగిందో ఇక్కడా రాయను, ఇది భీమవరంలోనూ చదువుతారు. టీవీ ఆపేశాక ఓబులేసు, "అక్కా, సారుకి ఒక ఫోను కొడదామా?" అన్నాడు. "నోరు తెరిచినవంటే చూడు" అన్నాను. ఆ తర్వాత సత్తిరాజు గారు ఎన్నోసార్లు ఫోన్ చేశారు. నేను ప్లానింగ్ మేనేజర్ని అయ్యానని చెప్పినప్పుడు, "మా అమ్మాయే! మరి ఏమనుకున్నారు!" అని అవతల ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది. నా గురించి ఎవరైనా అంత గర్వపడ్డం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆటని గురించి మాత్రం ఎన్నడూ అడగలేదు. కంప్యూటర్లు వచ్చాయి, ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. తెలుసుకోలేదు.

పోయినేడు ఆయన పోయారు. పది రోజులైన తర్వాత సుభద్ర గారు ఫోన్ చేశారు. పరామర్శలన్నీ అయ్యాక, "అవునూ, ఆ తర్వాత ఆటలో మనవాళ్ళు ఏమయ్యారమ్మా?" అన్నారు. "చెప్పమంటారా ఆంటీ?" అన్నాను. ఆవిడ ఆలోచించుకుంటున్నారని ఊపిరి చప్పుడుని బట్టే తెలుస్తోంది. "వద్దులే. ఆయన నిన్ను నమ్మి నీ దగ్గర పెట్టారు. నీ దగ్గరే ఉండనీ" అన్నారు.

అలాగేనండి అన్నాను. ఉద్యోగంలో నాకు పెద్ద పెద్ద పనులే అప్పగించారు, సమయానికి తిరిగి అప్పజెప్పాను కూడా. అప్పజెప్పకుండా నా దగ్గరే ఉంచుకోమని ఇచ్చింది సత్తిరాజు గారొక్కరే.