పిచ్చుక రెక్క దగ్గర ఆగిన తెర

మా ఇంట్లో మగ్గం నాయనది, కంప్యూటరు నాది. ధర్మవరంలో ఇప్పుడు పట్టుచీర డిజైను ఏదైనా ముందు కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా గీయాలి. ఆ ఫైలు ఇస్తే అట్టలకు బెజ్జాలు కొట్టి ఇస్తారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితేనే కొంగులో పువ్వో హంసో పడుతుంది. ఊళ్ళో అందరికీ నేనే గీసిపెడతాను. సొంత చెల్లెలి పెళ్ళిచీర దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా కంప్యూటరుకు రోగమొచ్చింది.

చెల్లెలు అడిగింది పెద్ద కోరికేం కాదు. చిన్నప్పుడు మగ్గం పక్క గోడమీద బొగ్గుతో పిచ్చుకలు గీసేది. సున్నం కొట్టినప్పుడల్లా చెరిగిపోయేవి. మళ్ళీ గీసేది.

"అన్నా, ఆ పిచ్చుకలే నా కొంగులో రావల్ల. ఇంగేమీ అడగను" అంది.

చీర నాయన నేస్తున్నాడు. చేతిలో పని కొంగు దాకా వచ్చేలోపు అట్టలు నేనివ్వాలి.

పిచ్చుక రెక్క గీద్దామని బొమ్మను పెద్దది చేస్తానా, తెర బిగుసుకుపోయేది. బాణం కదలదు, కీబోర్డు పలకదు. వెనకాల పెట్టుకున్న పాట మాత్రం హాయిగా సాగుతూ ఉంటుంది. ఆ పాట వింటుంటే ఒళ్ళు మండేది. స్విచ్చి నొక్కి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అప్పటిదాకా గీసిందంతా గోవిందా! పోనీ మాటిమాటికీ సేవ్ చేసుకుందామంటే, సరిగ్గా సేవ్ చెయ్యబోయే ముందే ఆగిపోయేది.

నా కంప్యూటరును నడిపేది లినక్స్. ఉచితంగా దొరికేది, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసుకునేది. తెరకు బొమ్మ అందించే పాత గ్రాఫిక్స్ కార్డు కాలిపోతే హిందూపురంలో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొని పెట్టుకున్నాను. అప్పటినుంచే ఈ తిప్పలు. కార్డు ఊడదీసి సంచిలో వేసుకుని రైలెక్కి ఆ షాపుకే పోయాను. షాపాయన తన కంప్యూటర్లో పెట్టి చూపించాడు. అక్కడ నిక్షేపంగా పనిచేసింది.

"కార్డు బాగుండాదప్పా. దుడ్లు ఇయ్యకుండా వచ్చిండేది అట్లే ఉంటాది. నీ లినక్స్ తీసేసి, అందరూ వేసుకునేది వేసుకో పో" అని నవ్వాడు. తిరుగు రైల్లో పెనుకొండ దాటేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇక ఇంటర్నెట్‌లో సలహాల వేట. ఒకాయన లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పాతది వెయ్యమంటాడు, ఇంకొకాయన కొత్తది వెయ్యమంటాడు. మరొకాయన కంప్యూటరు మొదలయ్యేచోట ఒక లైను చేర్చమన్నాడు. చేర్చాను. తెర మొత్తానికే నల్లబడితే మళ్ళీ తీసేశాను. అచ్చం నాకొచ్చిన కష్టమే వచ్చినవాడు ఒకడు దొరికాడు. వాడేమో చివర్లో 'సరైపోయింది, థాంక్స్' అని రాసి, ఎట్లా సరైందో రాయకుండా వెళ్ళిపోయాడు. కనబడితే చొక్కా పట్టుకునేవాణ్ణి. తల ప్రాణం తోకకొచ్చింది.

నాయన గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. "ఏమప్పా, యాడిదాకా వచ్చినాయి నీ పిచ్చుకలు?"

"వస్తాండాయి నాయనా."

"కొంగు దగ్గరికి వస్తాండా నేను. ముహూర్తం నీ పెట్టె కోసం ఆగదు."

చివరికి కంప్యూటరు లోపల ఏం జరుగుతోందో అదే రాసుకునే లాగ్ మొత్తం తీసి చదివాను. కాలిపోయిన కార్డును నడిపించే ప్రోగ్రాము, దాని డ్రైవరు, ఇంకా లోపలే ఉంది. అదీ, కొత్త డ్రైవరూ కలిసి ఒకే ఎద్దును చెరోవైపు లాగుతున్నాయి. అది ఇంకా ఎందుకుంది? నేను నేత ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి. మేం మగ్గాన్ని ఖాళీ చెయ్యం. మగ్గం మీది నిలువు పోగుల పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతాం. కంప్యూటరుతోనూ అదే చేశాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాతదాని మీదే వేసుకుంటూ వచ్చానే గానీ, ఒక్కసారి తుడిచి మొదలుపెట్టిన పాపాన పోలేదు. కార్డు మార్చినప్పుడైనా తట్టలేదు.

డిజైన్లన్నీ పెన్‌డ్రైవులోకి ఎత్తుకుని, డిస్కంతా తుడిచేసి, అదే లినక్స్ మళ్ళీ మొదటినుంచి వేశాను. పిచ్చుకను తెర నిండా పెద్దది చేశాను. ఆగలేదు. అటూ ఇటూ లాగాను. ఆగలేదు! రెక్కలూ తోకలూ పూర్తిచేసి మగ్గం గదిలోకి పరుగెత్తాను.

నాయన కొంగు నేస్తున్నాడు. బొమ్మ లేదు, పువ్వు లేదు. వట్టి జరీ గీతలు, వెడల్పుగా ఒకటి, సన్నంగా రెండు. సగం పైనే అయిపోయింది.

"నాయనా! పిచ్చుకలు వచ్చేసినాయి!"

"ఇప్పుడా వచ్చేది?" తల ఎత్తలేదు ఆయన. "అట్టలు కొట్టీయల్ల, కుచ్చులు కట్టల్ల, జాకెట్టు కుట్టీయల్ల. యాడుండాది టైము?"

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టయింది నా పని. కార్డు మీద కోపం, షాపాయన మీద కోపం, ఆ థాంక్స్ వాడి మీద మరీ కోపం. ఏడుపొచ్చింది.

పెళ్ళి హిందూపురంలో జరిగింది. రొద్దం నుంచి వచ్చిన మా మేనత్త చెల్లెలి కొంగు చేత్తో పట్టుకుని చూసింది.

"ఏమే, మీ అన్న కంప్యూటర్లో డిజైన్లు గీస్తాడంటివే. సొంత చెల్లెలికి గీతలేనా గీసింది?"

నేను పక్కనే ఉన్నాను.

చెల్లెలు కొంగు వెనక్కి తీసుకుని భుజం మీద సర్దుకుంది. "అవి గీతలు కాదత్తా, కరెంటు తీగలు. పిచ్చుకలు ఇప్పుడే లేసిపోయినాయి" అంది.

అత్త నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. చెల్లెలు నా వైపు చూడలేదు. చెయ్యి కడుక్కొస్తానని నేను బయటికి వచ్చేశాను.

ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తెరుస్తాను. ఒక్కసారి కూడా ఆగదు.