టీచరమ్మ గారి మూడు గంటల కూలి

మొన్న గ్యాసు పొయ్యి లైటరు పాడైతే మా కోడలు అగ్గిపుల్ల గీసింది. వరండాలో కూర్చున్న నా ముక్కుకి ఆ వాసన తగిలింది. గంధకం. పుల్ల ఆరిపోయింది, వాసనా పోయింది, నా కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. డెబ్బైల చివర విశాఖపట్నం పోర్టులో గంధకం ఓడలు దించినవాడికి ఆ వాసన ఊరికే వచ్చి ఊరికే పోదు. ఓడ అడుగున పచ్చటి గుట్టల మధ్య నిలబడి పారలతో ఎత్తుతుంటే కళ్ళలో కారం కొట్టినట్టు ఉండేది. ఇంటికెళ్ళి ఎన్ని చెంబుల నీళ్ళు పోసుకున్నా ఆ మంట తగ్గేది కాదు. దానికి రోజుకింతని మాకు అదనంగా ఇచ్చేవారు. అందుకని లోకంలో జీతాల లెక్కంతా సరిగ్గానే ఉందనుకునేవాణ్ణి. ఒళ్ళు ఎంత మండితే అంత డబ్బు. ఆ లెక్క అంత తేలిక కాదని నాకు చూపించిన మనిషి సుభద్ర టీచరుగారు.

ఆవిడ గోదావరి వైపు మనిషి. భర్త ఇక్కడ ఒక షిప్పింగు కంపెనీలో గుమాస్తాగా కుదిరితే వెంట వచ్చారు. గవర్నమెంటువాళ్ళు మా కూలీల ఇళ్ళ లైన్ల చివర గదిలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే తరగతి పెట్టినప్పుడు ఆవిణ్ణి వేశారు. పొద్దుటి షిఫ్టు రెండింటికి దిగుతుంది, తరగతి నాలుగు నుంచి ఆరు. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. పద్మనాభం పొలాల్లో పెరిగినవాణ్ణి, పలక ఇంకొకరి చేతిలో చూడటమే గాని పట్టింది లేదు. చదువు మీద మోజుతో వెళ్ళానని అబద్ధం చెప్పను. ఓడ మీద బరువులెత్తే యంత్రం ఉంటుంది, దాన్ని వించి అంటాం. వించి నడిపే పనికి పరీక్ష పెడతామని, యంత్రం దగ్గరి బోర్డు మీది రాతలు చదవగలిగినవాడికే ఇస్తామని చెప్పారు. కూర్చుని మీటలు లాగే ఆ పనికి, అడుగున బస్తాలు మోసే మా పనికంటే జీతం ఎక్కువ. ఆ పని నాకు కావాలి, ఆ తేడా మీద కోపమూ ఉంది. మొదటి రోజే ఆవిడ ముందు కక్కేశాను.

"కూకున్నోడికి ఎక్కువ, మోసినోడికి తక్కువ. ఇదేటి నాయమండీ టీచరమ్మా?"

ఆవిడ చేతిలో పుస్తకం మూసేసి నా పేరడిగారు. చెప్పాను. "అప్పలస్వామి గారూ, ఇప్పుడు మీరన్నారే, అదే రాద్దామండి" అన్నారు. అంతవరకూ నన్ను గారూ అని పిలిచిన మనిషి లేదు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. బోర్డు మీద 'కూలి' అని రాశారు. నేను నేర్చుకున్న మొదటి మాట అదే. తర్వాత బస్తా, కొక్కెం, బరువు. అ ఆలు ఎప్పుడో వెనక నుంచి వచ్చి కలిశాయి.

ఇంకో రోజు మా గేంగు గురించి అడిగారు. పన్నెండు మందిమి. పదకొండు మంది ఓడ అడుగున, ఒకడు పైన అంచు మీద నిలబడి కిందికి చూస్తూ వించివాడికి చేత్తో సైగ చేస్తాడు. వాడు ఒక్క బస్తా ముట్టడు. అయినా వచ్చిన కూలి పన్నెండు సమాన వాటాలు. మోయనివాడికి సమానం ఎందుకని ఆవిడ అడిగితే, వాడి చెయ్యి ఒక్కసారి తప్పితే బస్తాలన్నీ మా నెత్తి మీదే పడతాయని చెప్పాను. మరి వించి ఆయన చెయ్యి తప్పితే ఎక్కడ పడతాయండీ అన్నారు. అవీ మా నెత్తి మీదేనన్నాను. మా మేస్త్రి కన్నబాబు వెంటనే అందుకున్నాడు. "బావా, ఇన్నాళ్ళూ తిట్టినోడికి నువ్వే జీతం పెంచీసినావు" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ బల్ల మీద ఒక కాగితం కనిపించింది. కూడబలుక్కుని చదివాను. పాఠం కానిది నా అంతట నేను చదివిన మొదటి కాగితం అదే. ఆవిడకి నెలకి ఇంత అని అందులో ఉంది. అంకెలు నాకు ముందే వచ్చు. గంధకం ఓడలో మూడు రోజులు చేస్తే మాకు అంతకంటే ఎక్కువ వస్తుంది. ఇంతేనా అని మొహం మీదే అడిగేశాను. అదీ నాలుగు నెలలుగా రాలేదన్నారు. భర్త కంపెనీ మూతపడిందట. బట్టల కొట్లో బిల్లులు రాసే పని దొరికిందట. ఒకటో తారీఖు నుంచి తరగతి ఉండదని, మాకు ఎలా చెప్పాలో తెలియక ఆగారని అన్నారు. పరీక్షకి ఇంకా రెండు నెలలుంది. నాకు ఒత్తులు రావు. ఒత్తులు రాకుండా బోర్డు చదవలేను. ఆవిడ వెళ్ళిపోతే నేను చచ్చేదాకా ఓడ అడుగునే.

మా గేంగులో చదువుకునేవాళ్ళం ఏడుగురం. కూర్చుని ఆలోచించి మా బుర్రకి తోచిన పని చేశాం. గోధుమ ఓడ ఖాళీ అయ్యాక మూలల్లో చిందినవి ఊడ్చి, తలో తువ్వాలులో కట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం మాకు అలవాటు. మా వంతులన్నీ కలిపి, మట్టి చెరిగి, శుభ్రమైన సంచిలో పోసి ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చాం. గొప్ప పని చేశామనే అనుకున్నాం.

మర్నాడు నాలుగింటికి ఆ సంచి తరగతి మధ్యలో ఉంది. ఇది ఎవరిదని ఆవిడ అడిగారు. మాదేనన్నాను. మీది కాదు, ఓడదన్నారు. అలవాటేనండీ అన్నాడు కన్నబాబు. అప్పుడు ఆవిడ గొంతు పెంచకుండా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నా పనికి ఈ మాత్రం చాలని గవర్నమెంటు వారు అనుకున్నారండి. ఊడ్చినవి చాలని మీరు అనుకున్నారు. తేడా ఏముందండీ?"

నాకు చచ్చేంత సిగ్గేసింది, దాని వెనకే కోపం వచ్చింది. గవర్నమెంటుతో పాటు నన్ను కూర్చోబెట్టిందే అని. ఆ కోపంలోనే లేచి, అయితే మా కూలిలో వాటా తీసుకోమన్నాను. బస్తా మొయ్యని మనిషికి వాటా ఏటి బావా అని కన్నబాబు నా చెయ్యి లాగాడు. సైగ చేసేవాడు మోస్తున్నాడా అని వాడి చెయ్యి విదిలించాను. వాడు తల గోక్కుని, సరే, మోయడం లేదు అని ఒప్పుకున్నాడు.

కాని ఆవిడ వాటా వద్దన్నారు. మేం చేసేది ఎనిమిది గంటలు, ఆవిడ చేసేది రెండు గంటలు. ఇస్తే ఏడుగురం కలిసి రోజుకి రెండు గంటల కూలి ఇవ్వమన్నారు, అంతకి పైసా ఎక్కువైనా తీసుకోనన్నారు. రాని రోజుకి కోసెయ్యమన్నారు. నేను మొండివాణ్ణి. ఒక్కొక్కడి తప్పులు వేరని మా ఏడుగురికీ చూసి రాసుకునే కాపీలు ఏడు రకాలుగా ఆవిడ ఇంటి దగ్గర రాసి తెస్తారు. అది నేను చూస్తూనే ఉన్నాను.

"ఇంటికాడ కూకుని రాత్తన్నారు గదా. ఆ గంట ఎవులిదండీ?"

తన పనిలో ఆ గంట ఉందని ఆవిడే ఎప్పుడూ లెక్కేసుకున్నట్టు లేదు. తరగతిలో మాకు ఎప్పుడూ దొరకని మనిషి ఆ ఒక్కసారే దొరికారు. మూడు గంటలకి ఒప్పుకున్నారు. కొట్టువాళ్ళని రెండు నెలలు ఆగమని బతిమాలుకున్నారు. వారం వారం మా ఏడుగురి దగ్గరా తీసుకుని, తీసుకున్నట్టు మా చేతే రాయించి, కింద సంతకం పెట్టేవారు. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. మూడో రోజు నీరసంగా వచ్చి కూర్చుని, ముందు ఆ రెండు రోజులవి కోశారా లేదా అని అడిగారు. కోయలేదని చెప్తే పాఠం మొదలుపెట్టలేదు. కోశాకే సుద్దముక్క పట్టుకున్నారు. ఇంత పట్టుదల మనిషిని నేను పోర్టులో ఆఫీసర్లలో కూడా చూడలేదు.

పరీక్షలో బోర్డు గడగడా చదివాను. వించి పని వచ్చింది. ఆ కబురు చెప్పడానికి బట్టల కొట్టుకి వెళ్ళాను. ఆవిడ ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. మా ఆవిడకి చీర కొంటే బిల్లు రాసిచ్చారు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా పైకి చదివాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇక్కడ బాగుందా అమ్మా అని అడిగాను.

"తరగతి జీతానికి మూడింతలు ఇస్తున్నారండి. పని అందులో మూడో వంతు లేదు" అన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, "రేపు నేను రాకపోతే ఈ బిల్లు ఇంకొకరు రాస్తారు. అక్కడ నేను రాకపోతే మీరందరూ ఆగిపోతారు" అన్నారు.

అన్నట్టే అయింది. ఆవిడ స్థానంలోకి ఎవరూ రాలేదు, ఆ జీతానికి ఎవరొస్తారు? మా ఏడుగురిలో నలుగురం చదవడం వచ్చి ఒడ్డెక్కాం. ముగ్గురు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. కన్నబాబు తన పేరు రాయడం వరకు వచ్చాడు, పక్కవాడి పేరు చదవలేడు. ఎనభైల్లో వాడి కొడుక్కి స్టీలుప్లాంటులో ఉద్యోగమొచ్చి ఉక్కునగరం క్వార్టర్సుకి మారాక కూడా, ఏ కాగితం వచ్చినా బస్సెక్కి నా దగ్గరికే వచ్చేవాడు. వాడు పోయాడు. కాగితాలు రావడం ఆగలేదు. వీధిలో వాళ్ళు పింఛను ఉత్తరాలు, బ్యాంకు నోటీసులు, ఆసుపత్రి చీటీలు పట్టుకుని వస్తారు. చదివి, అర్థం చెప్పి, జవాబు రాయాలంటే ఒక్కోదానికి పూట పడుతుంది. డబ్బు తీసుకోను, అది నా ఇష్టం. కాని ఎవరైనా గుమ్మంలోకి వస్తూనే, ఖాళీగానే ఉన్నావు గదా తాతా, ఇది కాస్త సూసి పెట్టు అన్నారంటే, ముందు కూర్చోమంటాను. నేను ఖాళీగా లేనని, పనిలో ఉన్నానని చెప్తాను. ఆ మాట ఒప్పుకున్నాకే కాగితం అందుకుంటాను.