విద్యార్థి సంఘం ఉందా అని అడిగినందుకు

ఇంటర్ పరీక్షలు రాయకముందే పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో సీటు ఖాయం చేసుకున్నాను. నాన్న వీధంతా స్వీట్లు పంచారు. ఇప్పుడేమో నాకు అనుమానాలు పట్టుకున్నాయి. ఈ రోజు బెంజ్ సర్కిల్‌లోని వాళ్ళ అడ్మిషన్ ఆఫీసుకు నాన్నతో వెళ్ళి, "మీ క్యాంపస్‌లో విద్యార్థి సంఘం ఉందాండీ?" అని అడిగాను.

"సంఘాలూ గొడవలూ మా దగ్గరుండవు బాబూ. పేరెంట్స్ మమ్మల్ని నమ్మేదే అందుకు" అని నవ్వాడు అక్కడి మేనేజరు.

నేను బదులిచ్చేలోపే నాన్న అందుకున్నారు. "మావాడు అలాంటోడు కాదండీ. ఏదో ఊరికే అడిగాడు."

"అలాంటోణ్ణే నాన్నా. ఈ కాలేజీ నాకొద్దు."

"ఇంటికి పదరా, పరువు తీయకు!"

హక్కుల గురించి చదివినదంతా ఆ ఏసీ గదిలోనే వదిలేసి, తలొంచుకుని వచ్చేశాను.

ఇలాంటి చోట చదివినవాళ్ళుంటే నిజం చెప్పండి. నాలుగేళ్ళు నోరు మూసుకున్నాక, అది మళ్ళీ తెరుచుకుంటుందా?